కడబంతి

మా ఆయన నన్ను ‘మీరు’ అనడం మొదలుపెట్టి అప్పటికి పదకొండు నెలలు.

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిస్తే, “మీకెందుకండీ శ్రమ” అనేవారు. మంచం మీద దుప్పటి మార్చబోతే లేచి నిలబడేవారు, పరాయి ఆడమనిషి ఎదుట కాళ్ళు చాపుకుని ఉండటం మర్యాద కాదని. పాలు పోసే గంగరాజుని గుర్తుపట్టేవారు. ఎదురింటి కుట్టుమిషను సుబ్బలక్ష్మిని గుర్తుపట్టేవారు. ఏడాదికోసారి పిఠాపురం నుంచి వచ్చే చెల్లెల్ని గుమ్మంలో చూడగానే, “ఏమే, ఇలా చిక్కిపోయేవేంటి?” అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగి, “అందర్నీ గుర్తుపడతన్నాడు. నిన్నొక్కదాన్నీ ఎలా మర్చిపోయేడు వదినా?” అంది. జాలిపడే అంది పాపం. నాకు మాత్రం కంట్లో కారం కొట్టినట్టయింది.

నన్ను చూసినప్పుడల్లా ఆయన చేసేది ఒకటే. కనుబొమలు ముడిపడేవి. పెదవులు ఏదో మాట కోసం కదిలేవి. ఇదిగో, ఇప్పుడు పిలుస్తారు అనిపించేది. అంతలో ముఖం ఇస్త్రీ చేసినట్టు సాపైపోయేది. “పర్లేదులెండి” అని కిటికీవైపు తిరిగేవారు. ఆ ‘పర్లేదు’ ఆయన మంచితనమనే చాలాకాలం అనుకున్నాను.

నా పేరు సత్యవాణి. కాకినాడలో, సముద్రానికి కాస్త ఇవతల ఉన్న ఒక చిన్న నాడీ పరిశోధనశాలలో పనిచేస్తాను. డాక్టర్ని కాను. సర్వర్లకు జావాస్క్రిప్టులో కోడు రాస్తాను. పాతికేళ్ళ కిందట నేర్చిన విద్య. అదీ ముసలిదైంది, నేనూ ముసలిదాన్నయ్యాను, ఒకరినొకరం మాత్రం వదల్లేదు. మా ఆయన త్రినాథరావుగారు ఆర్.ఎమ్.ఎస్.లో, అంటే రైల్లో తిరిగే పోస్టాఫీసులో పనిచేశారు. కదిలే పెట్టెలో చెక్క అరల ముందు నిలబడి, ఏ ఊరి ఉత్తరాలు ఆ ఊరి అరలో వెయ్యడం ఆయన ఉద్యోగం. మాకు పిల్లల్లేరు. ఆయనకి ఆ అరలూ, నాకు నా సర్వర్లూ, ఇంట్లో ఒకరికొకరం.

రిటైరైన రెండో ఏడు ఆయన మెదడులో రక్తనాళం చిట్లింది. ప్రాణం దక్కింది. కానీ చెంచా చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేసేవారు. కళ్ళు చూస్తున్నాయి. చెంచా అంటే ఏమిటో తెలిసిన చోటు కూడా మెదడులో చెక్కుచెదరలేదు. రెంటికీ మధ్య దారి తెగింది. అలా తెగిన దారికి బదులు బయటినుంచి ఇంకో దారి వెయ్యడమే మా పరిశోధనశాలలో జరుగుతున్న పని. మా డాక్టర్ ఫిలోమినాగారు దానికి ‘వంతెన’ అని పేరు పెట్టారు. దానిమీద మొదట నడిచేది మా ఆయనే అవుతారని, పని మొదలుపెట్టిన రోజున నేను కలలో కూడా అనుకోలేదు.

మొదటి రోజు ఆయన చేతికి చెంచా ఇచ్చి నేను తెర ముందు కూర్చున్నాను. ఆయన పుర్రె కింద పెట్టిన గోరంత పరికరం, మెదడు ‘ఇదేంటి?’ అని అడగడాన్ని పట్టుకుని, దానికో చిరునామా రాసి మా సర్వరుకి రిక్వెస్టు పంపింది. వస్తువు, నాలుగో నంబరు. తెరమీద ఆ వరస పడింది. నా కోడులో రూట్ల జాబితా ఉంటుంది. సర్వరు దాన్ని పైనుంచి కిందికి ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తుంది. ఏ రూటు ఆ చిరునామాకి సరిపోతే ఆ రూటు జవాబిస్తుంది. అక్కడితో సరి, కింద ఉన్నవాటి జోలికి పోదు. నాలుగో నంబరు రూటు, చెంచా జ్ఞాపకం ఉన్న చోటుని వెళ్ళి తట్టింది. ఆయన చెంచాని సరిగ్గా తిప్పి పట్టుకుని, “పప్పేదీ?” అన్నారు.

ఫిలోమినాగారు చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ ఏడ్చాను. ఎవరో నవ్వుతున్నారు కదాని ఆయనా మర్యాదకి నవ్వారు.

వస్తువులయ్యాక చోట్లు రాశాను, తర్వాత మనుషులు. ఆయనకి ఫోటోలు చూపించి, ఒక్కో ముఖాన్ని చూసి మెదడు అడిగే తీరుకి ఒక్కో నంబరు ఇచ్చాం. మొత్తం ఇరవై ఏడు ముఖాలు. ఇరవై ఆరు రూట్లు వరసగా రాశాను. ఇరవై ఏడోది నాది. దాన్ని రేపు రాద్దాంలే అని ఆపాను. మా ఇళ్ళలో ఆడవాళ్ళకి అది పుట్టుకతో వచ్చే అలవాటు. అందరికీ వడ్డించి, గిన్నెల అడుగున మిగిలింది పెట్టుకుని తింటాం. ఆయనకది గిట్టేది కాదు. “నువ్వెప్పుడు తింటావే?” అని చెయ్యి ఎండిపోతున్నా కంచం ముందునుంచి లేచేవారు కాదు. “తింటాలెండి” అనేదాన్ని.

ఆ మర్నాడే గండం వచ్చింది. గదిలో గోడమీద బల్లి కనిపించింది ఆయనకి. బల్లికి నేను రూటు రాయలేదు. సర్వరు జాబితా అంతా చూసి ఏ జవాబూ ఇవ్వకుండా ఊరుకుంది. మెదడు మళ్ళీ అడిగింది. మళ్ళీ అడిగింది. తెరమీద వరసలు వర్షంలా కురిశాయి. ఆయన పళ్ళు బిగుసుకుని మంచం అదిరిపోతోంది.

“జవాబు రాకపోతే అడుగుతూనే ఉంటుందండీ మెదడు. ఏదో ఒకటి చెప్పండి వాణిగారూ, తొందరగా!” అని అరిచారు ఫిలోమినాగారు.

గబగబా జాబితా చివర ఒక రూటు రాశాను. అన్ని చిరునామాలకీ సరిపోయే రూటు అది. పైన ఎక్కడా జవాబు దొరకనిది ఏదొచ్చినా దీని దగ్గర ఆగుతుంది. జవాబుగా ఏం పంపాలి? మధ్యాహ్నం భోంచేసి కునుకు తియ్యబోయే ముందు ఆయన మెదడు ఎంత నిమ్మళంగా ఉంటుందో అంతకు ముందే రికార్డు చేసి ఉంచాం. ఆ నిమ్మళాన్నే పంపాను. వణుకు ఆగింది. ఆయన బల్లివైపు చూసి, “పర్లేదులెండి” అన్నారు. అప్పటినుంచీ మేం దాన్ని ‘పర్లేదు రూటు’ అని పిలిచేవాళ్ళం.

రెండు రోజులు పోయాక, ఆయన తేరుకున్నారని నమ్మకం కుదిరి, నా రూటు రాయడానికి కూర్చున్నాను.

“మీ రూటు అందరికన్నా ముందు రాసేసుకున్నారనుకున్నానే!” అన్నారు ఫిలోమినాగారు.

“వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చుంటే ఏంలెండి? ఇక్కడ వడ్డించేది నేను రాసిన సర్వరే కదా” అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. ఫైలులో అన్నిటికన్నా అడుగున నా రూటు రాశాను. దాన్నొక్కదాన్నీ విడిగా నడిపి చూసుకుంటే చక్కగా పనిచేసింది. లేత ఆకుపచ్చ చీర కట్టుకున్నాను ఆ రోజు. ఆయనకి ఇష్టమైన చీర; సిగ్గు విడిచి చెబుతున్నాను. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి, పెదవులు కదిలాయి, ముఖం సాపైపోయింది.

“పర్లేదులెండి” అన్నారు నాతో.

నెల రోజులు చూశాక ఫిలోమినాగారు నా చెయ్యి పట్టుకుని, “అడిగే చోటు బాగానే ఉంది వాణిగారూ. అందుకునే చోటే పోయినట్టుంది. లేని ఒడ్డుకి వంతెన వెయ్యలేం కదా” అన్నారు. ఒప్పుకున్నాను. అందుకునే చోటు లేకపోతే ఆ ‘పర్లేదు’ ఎక్కడినుంచి వస్తోందని నేనొక్కసారైనా ఆలోచించవలసింది. ఆలోచించలేదు. నాకు గుండె పగిలిపోయింది, దాంతో బుర్ర కూడా పనిచెయ్యడం మానేసింది. నెలనెలా పైకి పంపే రిపోర్టులో ‘జవాబు రాని రిక్వెస్టులు: సున్న’ అని ఉండేది. ఆ సున్నని చూసే మా వంతెనకి పేరొచ్చింది.

ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాం. పుర్రె కింది పరికరం ఇంటినుంచి కూడా మా సర్వరుకి రిక్వెస్టులు పంపుతూనే ఉండేది. పగలు నేను పరిశోధనశాలకి వెళ్తే చూసుకోవడానికి నూకరత్నం వచ్చేది. నాలుగు దాటాక నేను వచ్చేసేదాన్ని. చేతులకి పని ఉంటే మంచిదని డాక్టరుగారు చెబితే, వడ్రంగి చేత గోడకి చెక్క అరలు కొట్టించాను, అచ్చం రైలు పెట్టెలో ఉన్నట్టే. ట్రంకుపెట్టెలో ఉన్న పాత ఉత్తరాలూ శుభలేఖలూ, ఊరూరా చుట్టాలని అడిగి తెప్పించినవీ అన్నీ కలిపి బల్లమీద పోశాం. రోజూ మధ్యాహ్నం ఆయన ఆ అరల ముందు నిలబడి వేసేవారు. దానికి వంతెన అక్కర్లేదు, ముప్ఫై రెండేళ్ళ పని చేతుల్లోనే ఉంది. చిరునామా మీద కన్ను పడేలోపే ఉత్తరం అరలో పడేది. సాయంత్రం నూకరత్నం అన్నీ ఊడ్చి మళ్ళీ కలిపేసేది, మర్నాడు మళ్ళీ వేసుకోవడానికి.

ఆఖరి వరసలో, మూలకి ఒక అర ఖాళీగా ఉంచమని ఆయనే చెప్పారు వడ్రంగికి. చిరునామా చదవడానికి వీల్లేనివి వేసే అర అది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో దాని గురించి నాకోసారి పాఠం చెప్పారు. “ఆ అర ఎప్పుడూ చివరాకర్నే ఉండాలే వాణీ. చేతికి అందేలా ముందు పెట్టుకున్నావనుకో, బద్ధకం కొద్దీ చదవగలిగినవి కూడా అందులోకే పోతాయి. పాపం, ఎవరి ఉత్తరమో!” అన్నారు. నేను ఆ రోజు చిక్కుళ్ళు ఒలుచుకుంటూ ఊఁ కొట్టాను.

నేను ఇంట్లో ఒక అతిథిలా ఉండేదాన్ని. ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. అడగని కబుర్లు చెప్పేదాన్ని. ఆయన “అలాగాండీ” అనేవారు. గంగరాజు వస్తే మాత్రం ఇద్దరూ గేదె ఈనడం గురించి అరగంట మాట్లాడుకునేవారు. నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని. ఒక గేదెపాటి చెయ్యలేకపోయానే అని ఉక్రోషం వచ్చేది. రాన్రానూ ఆయన కనుబొమలు ముడిపడటం కూడా తగ్గింది. అలవాటుపడ్డారు కాబోలు అనుకున్నాను.

నూకరత్నానికి ఒక్కటే ఫిర్యాదు. “అయ్యగారు కాయితాలు జేబులో పెట్టేసుకుంటన్నారండి. నేను చూసుకోకుండా నానబెట్టేత్తన్నాను. ముద్దయిపోయి చొక్కాలకి అంటుకుపోతన్నాయండి.”

“జేబులు చూసి నానబెట్టు” అన్నాను. అంతకుమించి పట్టించుకోలేదు.

పదకొండో నెలలో రెండో రోగి వచ్చింది. తుని దగ్గర లారీ మెకానిక్కు అప్పలస్వామి భార్య. ఆవిడ గురించి వివరాలు రాసుకుంటూ, ఎవరెవరి ముఖాలు గుర్తుపట్టాలో చెప్పమన్నాను. అప్పలస్వామి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“ముందు నా పేరు రాస్కోండమ్మా.”

“రాస్తానండీ. అత్తగారూ మావగారూ పిల్లలూ...”

“ఆళ్ళందరూ తర్వాతండి. మొగుణ్ణి నేనుండగా ఇంకోళ్ళు ముందేంటండి? ఒకటో నంబరు నాదే!”

నాకు నవ్వొచ్చింది. రవ్వంత మొహమాటమైనా లేదు మహానుభావుడికి. అడిగినట్టే ఒకటో నంబరు ఇచ్చాను. వంతెన కలిపిన రోజున అతను గదిలోకి వచ్చీ రాగానే ఆవిడ నీరసంగా కళ్ళు తెరిచి, “ఆ గ్రీజు చేతుల్తో మంచం ముట్టుకోకు” అంది. అప్పలస్వామి గోడకానుకుని బావురుమన్నాడు.

నేను నడవాలోకి వెళ్ళిపోయాను. సంతోషించవలసిన చోట ఈర్ష్యతో ఒళ్ళు మండిపోయింది నాకు. ఫిలోమినాగారు వెనకాలే వచ్చి, నన్ను ఊరడించబోయి, “అదే ఆశ్చర్యంగా ఉంది వాణిగారూ. త్రినాథరావుగారికి దెబ్బ తగిలిన చోటే ఈవిడకీ తగిలింది, ఇంకా పెద్దది. మరి ఈవిడ ఎలా అందుకుంది?” అన్నారు.

ఆ ప్రశ్న నా కాళ్ళని కుర్చీ దగ్గరికి నడిపించింది. మా ఆయన ఫైలు తెరిచాను. ఇరవై ఏడు అని ఒక కాగితమ్ముక్క మీద రాసి చేత్తో పట్టుకున్నాను, ఉత్తరం పట్టుకున్నట్టు. పైనుంచి ఒక్కొక్క అర దగ్గరా ఆగాను. చెంచా, నాది కాదు. కాలవగట్టు, నాది కాదు. గంగరాజు, కాదు. సుబ్బలక్ష్మి, కాదు. ఇరవై ఆరో మనిషి, కాదు. ఆ తర్వాతి వరస, ఏదొచ్చినా సరిపోయే వరస. పర్లేదు. నా చేతిలో కాగితం అక్కడ ఆగిపోయింది. నా రూటు దానికింద ఉంది. పదకొండు నెలలుగా అక్కడే ఉంది. సర్వరు ఒక్కసారి కూడా అంత కిందికి రాలేదు.

నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకి మొదటివారంలోనే చెబుతాను, అన్నిటికీ సరిపోయే రూటు ఆఖర్న రాయండర్రా, దాని కింద ఏం రాసినా దండగ అని. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. చివర్న వడ్డించుకోవడం అలవాటైన మనిషిని, గిన్నెలు కడిగేశాక వచ్చి కూర్చున్నాను.

సర్వరు గుమ్మం దగ్గర, వచ్చిన ప్రతి రిక్వెస్టూ నమోదవుతూ ఉంటుంది. తప్పుల్లేని సర్వరులో దాన్ని ఎవరూ చూడరు. ఆ రోజు చూశాను. మనిషి, ఇరవై ఏడు. మనిషి, ఇరవై ఏడు. మొదటి నెలలో రోజుకి మూడు వందలు, నాలుగు వందలు. నేను గదిలో లేని వేళల్లో కూడా. పక్కగదిలో నా గొంతు విన్నప్పుడు కాబోలు, నా అడుగుల చప్పుడుకి కాబోలు. ప్రతిదానికీ ఎదురుగా ఒకే జవాబు. ఆరో నెలకి రోజుకి యాభై. పదో నెలకి రెండు, మూడు. ఆఖరిది ఇరవై రెండు రోజుల కిందట, సాయంత్రం నాలుగుంపావుకి, నేను ఇంటికొచ్చే వేళకి. అన్నీ కలిపి నలభై ఒక్క వేల రెండు వందల పదహారు.

ఆయన నన్ను మర్చిపోలేదు. పదకొండు నెలలూ పిలుస్తూనే ఉన్నారు. పిలిచిన ప్రతిసారీ, ‘పర్లేదు, పడుకోండి’ అని నేనే నోరు మూయించాను.

ఆ రెండు వరసలూ తారుమారు చెయ్యడానికి నాకు పట్టింది ఒక్క నిమిషం. ఫిలోమినాగారికి చెప్పడానికి గంట పట్టింది, ఏడుపు ఆగక. సున్నలు చూసి మురిసిపోయిన వాళ్ళలో తనూ ఉందని ఆవిడకి తెలుసు.

“ఇప్పుడు సరిచేశారు కదా” అన్నారు.

“సరిచేశాను. కానీ సర్వరు తనంతట తాను మాట్లాడదండీ. ఎవరైనా అడిగితేనే జవాబిస్తుంది. ఆయన అడగాలి. ఇరవై రెండు రోజులుగా అడగడం లేదు.”

“మెదడైనా మనిషిలాంటిదే వాణిగారూ. ఎన్నిసార్లు అడిగినా పర్లేదు అంటుంటే, ఇక అడగడం మానేస్తుంది. ఇంకొన్నాళ్ళు పోతే అడిగే దారి కూడా పూడిపోతుంది. ఎన్నాళ్ళో చెప్పలేను. పది రోజులో, నెలో.”

సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. పక్కన ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకున్నాను. ఆయన ఎదురుగా నడిచాను, పాడాను, ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. వరసలు పడుతున్నాయి: గ్లాసు, కిటికీ, కాకి, గంగరాజు. ఇరవై ఏడు మాత్రం పడలేదు. నేను ఆయనకి గోడలా, గడియారంలా అలవాటైపోయాను. గోడని చూసి ఇదేంటని ఎవరు అడుగుతారు?

అయిదో రోజున ఒక పాడు ఆలోచన వచ్చింది. పర్లేదు రూటు తీసేస్తే? జవాబు రాని ప్రశ్నలన్నీ మళ్ళీ రగులుకుంటాయి, వాటితోపాటు నా గురించిన ప్రశ్నా రగలొచ్చు. ఆ వరస మీద వేలు పెట్టాను కూడా. ఆయన అరల ముందు నిలబడి, ఏదో శుభలేఖ మీది బొమ్మ చూసి తనలో తాను నవ్వుకుంటున్నారు. బల్లి రోజు బిగుసుకున్న ఆ పళ్ళు గుర్తొచ్చాయి. నొప్పి ఆయనకి, ఆశ నాకు. వేలు తీసేశాను.

తొమ్మిదో రోజున నూకరత్నం ఉతకబోయే చొక్కాలు తెచ్చి, “ఇదిగోండమ్మా, ఈసారి జేబు చూసేనండి” అంటూ కాగితాలు నా ఒళ్ళో పడేసింది. ఆరు ఇన్‌లాండ్ కవర్లు, చెమటకి మెత్తబడి, నాలుగు మడతలు పడి. తిప్పి చూశాను. ఆరింటి మీదా పంపినవారి పేరు ఒకటే.

నాదే. పెళ్ళైన కొత్తలో నేను హైదరాబాదులో ఉద్యోగం చేసిన రెండేళ్ళలో ఆయనకి రాసిన ఉత్తరాలు. అప్పట్లో అవి ముందు ఆయన చేతుల్లోంచే పోయేవి. రాజమండ్రి దాటాక హైదరాబాదు సంచి విప్పితే అందులో నా ఉత్తరం ఉండేది. జేబులో పెట్టుకోవడానికి రూలు ఒప్పుకోదు. పెళ్ళాం రాసిన ఉత్తరాన్ని చేత్తో పట్టుకుని, చింపకుండా, కాకినాడ కట్టలో వేసి తాడు బిగించి, మర్నాడు ఇంటి గుమ్మంలో పోస్టుమాన్ దగ్గర పుచ్చుకునేవారు. “ఒక్కసారైనా జేబులో వేసుకోవచ్చు కదండీ, ఎవరు చూడొచ్చారు?” అని నేను ఏడిపిస్తే, “పక్క అరలోవాళ్ళకీ పెళ్ళాలుంటారే. వాళ్ళ ఉత్తరాలూ ఆగుతున్నాయి కదా” అనేవారు.

ముప్ఫై రెండేళ్ళు తప్పని రూలు, ఇప్పుడు రోజూ తప్పుతున్నారు. మెదడు అడగడం మానేసింది కానీ చేతులు మానలేదు.

మధ్యాహ్నం మూడింటికి ఒక పాత ఇన్‌లాండ్ కవరు తీసుకుని, పైన ఆయన పేరూ చిరునామా రాసి, వెనకాల నా పేరు రాశాను. లోపల ఏమీ రాయలేదు. కట్ట మధ్యలో దాన్ని దూర్చి, అరల పక్కన, ఆయనకి ఎదురుగా నిలబడ్డాను. ఆయన వేస్తూ వచ్చారు. రాజమండ్రి. అనకాపల్లి. ఏలూరు. నా కవరు చేతికొచ్చింది. చెయ్యి ఆగింది. దొంగలా అటూ ఇటూ చూసి జేబులో పెట్టుకోబోయారు.

“అది నేను రాసిన ఉత్తరమండీ” అన్నాను, చెయ్యి చాపి.

ఆయన కవరుని గుండెకి అదుముకున్నారు. “క్షమించండి. ఇది మా ఇంటిదండి. పైవాళ్ళకివ్వకూడదు.”

“పంపినవాళ్ళ పేరు చదవండి.”

“ఎందుకండీ?”

“ఒక్కసారి.”

తిప్పి చూశారు. “సత్యవాణి” అని చదివారు, మెల్లగా, చాలాకాలంగా వాడని తాళంచెవి తిప్పినట్టు.

“ఆ పేరు నాదండీ” అన్నాను.

ఆయన తలెత్తి నా ముఖంలోకి చూశారు. కనుబొమలు ముడిపడ్డాయి. పక్కన తెరమీద ఒక వరస పడింది. మనిషి, ఇరవై ఏడు. ముఖం సాపవ్వలేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. చేతిలో కట్ట జారి ఉత్తరాలన్నీ నేలమీద పడ్డాయి.

“ఏమే” అన్నారు.

నేను ఒకడుగు ముందుకు వేశాను.

“ఎక్కడికెళ్ళిపోయేవే ఇన్నాళ్ళూ?”

ఇక్కడే ఉన్నానని చెప్పాలి. ఈ కుర్చీలోనే, ఈ మంచం పక్కనే, రెండు పూటలా మీకు అన్నం కలిపి పెట్టింది నేనేనని చెప్పాలి.

“చెప్పి వెళ్ళొద్దా?” ఆయన చిన్నపిల్లాడిలా నిలదీశారు. “ఎవరో ఒకావిడ వచ్చి చూసుకునేదనుకో. మంచావిడే పాపం. ఎంత మంచిదైతే మాత్రం, నువ్వు రావద్దా? ఎన్నిసార్లు పిలిచేనో తెల్సా నీకు?”

నలభై ఒక్క వేల రెండు వందల పదిహేడు.

“తెలుసండీ” అన్నాను.